డప్పు దించిన చేతులు: నల్లవారి భక్తిగీతాలూ, మన పల్లె కీర్తనలూ

హాంప్టన్ హాస్ అమెరికా నల్లజాతి పియానో వాద్యకారుడు. 1958 నవంబరు 24, 25 తేదీలలో ఆయన లాస్ ఏంజెలిస్‌లో ఒక గ్రామఫోను రికార్డు చేశాడు. అప్పటికి ఆయనకు సరిగ్గా ముప్ఫయి ఏళ్ళు. అంతకు రెండు వారాల ముందు, పుట్టినరోజు నాడే, హెరాయిన్ కేసులో పోలీసులు ఆయన్ని పట్టుకున్నారు. వాళ్ళకు రహస్యంగా సమాచారం అందించే మనిషిగా మారడానికి ఆయన ఒప్పుకోలేదు. పదేళ్ళ శిక్ష పడింది. ఆ శిక్ష పడేలోగా చేతిలో మిగిలిన కొద్ది రోజులలో చేసిన రికార్డు అది.

జాజ్ సంగీతంలో ఆయనకు పేరు తెచ్చినవి వేగంగా, చిక్కుముళ్ళతో సాగే బీబాప్ బాణీలు. ఆ రెండు రోజులూ ఎక్కువగా వాయించినవి మాత్రం చర్చి పాటలు. తండ్రి ప్రెస్బిటేరియన్ పాదిరి. తల్లి చర్చిలో పియానో వాయించేది. నడక నేర్చే వయసులో విన్న పాటల దగ్గరికి, జైలుకు పోయే ముందు, ఆయన తిరిగి వెళ్ళాడు. తోడుగా లెరాయ్ వినెగర్ బేసు, స్టాన్ లీవీ డ్రమ్ములు వాయించారు. పాడేవాళ్ళు ఎవరూ లేరు. రికార్డు పేరు ‘ది సెర్మన్’. మన పల్లె చర్చి భాషలో దాన్ని ‘ప్రసంగం’ అంటారు. 1963లో అధ్యక్షుడు కెనడీ క్షమాభిక్షతో హాస్ విడుదలయ్యాడు, 1977లో మరణించాడు. ఆ ప్రసంగం మటుకు 1987 దాకా బయటికి రాలేదు.

ఆ రికార్డు విన్నప్పుడు నాకొక ప్రశ్న కలిగింది. మాట లేని పాట నల్లవారికి ప్రసంగం ఎలా అయింది? జవాబు కష్టమైనది కాదు. ఆ పాటల మాటలు జనం నోళ్ళలో ఉన్నాయి; పియానో మెట్ల మీద బాణీ పలకగానే మాట దానంతటదే లేస్తుంది. 1903లో డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ ‘ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్’ గ్రంథంలో అధ్యాయాల తలకట్టులో ఈ పాటల స్వరాలనే అచ్చు వేయించాడు, పదాలు లేకుండా. తెలిసినవాళ్ళకు తెలుస్తుంది, తెలియనివాళ్ళు తెలుసుకోవాలి అన్నది ఆయన ధీమా.

ఆ ధీమా మనకెందుకు లేదు? ఒంగోలు, కనిగిరి, వినుకొండ, నరసరావుపేట, చీరాల ప్రాంతాల మాలమాదిగ పల్లెలలో నూటయాభై ఏళ్ళుగా కీర్తనలు పాడుతున్నారు. వాటిని పాడినవాళ్ళు, ఏ పరిస్థితుల్లో పాడారు అన్నవి మన సాహిత్య చరిత్రల్లో దాదాపు కనిపించవు. అడిగితే మన విమర్శకులు చెప్పే మాట ఒకటుంది. అవి మిషనరీలు తెచ్చిపెట్టినవి, మత ప్రచారం కోసం రాసినవి, ప్రజల పాటలు కావు అని. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆ మాట ఎందుకు చాలదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బానిస పాట ప్రజల పాట అయిన తీరు

నల్లవారికి బైబిలు ఎవరిచ్చారు? బానిస యజమానులూ, వాళ్ళ పాదిరులూ ఇచ్చారు. యజమానికి లోబడి ఉండాలని బోధించే వాక్యాలు ఏరి మరీ ఇచ్చారు. బానిసలు మాత్రం తమకు కావలసినవి తాము ఏరుకున్నారు. ఐగుప్తు నుంచి ఇశ్రాయేలీయులను నడిపించిన మోషే, సింహాల గుహలో దానియేలు, దాటవలసిన యొర్దాను నది వాళ్ళ పాటల్లోకి వచ్చారు. గ్రంథం యజమానిది, ఎంపిక బానిసది. అందుకనే వాటిని ఎవరూ మిషనరీ పాటలని అనరు.

ఆ పాటలకు ఇంకో పూర్వకథ ఉంది. 1739లో దక్షిణ కరొలైనాలో స్టోనో నది దగ్గర బానిసలు తిరుగుబాటు చేశారు. మరుసటి ఏడు, 1740లో, అక్కడి శాసనసభ బానిసల దగ్గర డోళ్ళు, కొమ్ములు ఉండకూడదని చట్టం చేసింది. డోలు మోతతో తిరుగుబాటుదార్లు ఒకచోట చేరతారన్నది యజమానుల భయం. డోలు పోయినచోట చప్పట్లు, పాదాల తాటింపు, గొంతు మిగిలాయి.

బానిసలు పాడుతున్నారు కాబట్టి సుఖంగా ఉన్నారని ఉత్తరాది పెద్దమనుషులు అనుకునేవారు. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో తన ఆత్మకథలో దీన్ని ఖండించాడు. బానిస ఎక్కువగా పాడేది దుఃఖం ఎక్కువైనప్పుడేనని రాశాడు. కోతల్లో ఆడవాళ్ళు పాడుతుంటే పల్లె సౌభాగ్యమని మురిసిపోయే మన భావకవులకు కూడా డగ్లస్ మాట వర్తిస్తుంది.

1867లో ముగ్గురు ఉత్తరాది సంపాదకులు 136 బానిస పాటలను సేకరించి, స్వరాలతో సహా అచ్చు వేశారు. 1871లో నాష్‌విల్‌లోని ఫిస్క్ విద్యాలయం అప్పుల్లో కూరుకుపోతే, దాని విద్యార్థులు తొమ్మిదిమంది జూబిలీ సింగర్స్ పేరిట పాడుతూ డబ్బు పోగు చెయ్యడానికి బయలుదేరారు. వారిలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవారే. బానిసనాటి పాటలు తెల్లవాళ్ళ ముందు పాడడానికి వాళ్ళు మొదట వెనకాడారు. అవి తల్లిదండ్రుల దుఃఖంతో ముడిపడినవి, పరాయివాళ్ళ ముందు పరచదగినవి కావు అనుకున్నారు. ఈ సంకోచం గుర్తుంచుకోవాలి. దీని సంగతి మళ్ళీ వస్తుంది.

1925లో పాల్ రోబ్సన్ న్యూయార్క్‌లో పూర్తిగా నల్లవారి పాటలతోనే కచేరీ చేశాడు. 1950లో అమెరికా ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టు లాక్కుంది. 1958లో మన దేశంలో ఆయన అరవయ్యో పుట్టినరోజు పండుగ చేసుకున్నారు, నెహ్రూ దానికి మద్దతు పలికాడు. ఆ ఏడే పాస్‌పోర్టు తిరిగి వచ్చింది. అంటే, మోషే మీద పాట పాడితే అది ప్రజల పాటేనని మన అభ్యుదయ రచయితలకు అప్పటికే తెలుసు. పాడినవాడు రోబ్సన్ అయితే తెలుసు. పాడినవాడు మన పాలేరు అయితే తెలియలేదు.

పత్తి దారాన ఒంగోలుకు

ఈ రెండు ప్రాంతాలనూ నేను పని గట్టుకుని ముడిపెట్టడం లేదు. వాటిని పత్తి ఎప్పుడో ముడిపెట్టింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై బానిసలు పండించే పత్తి లాంకషైర్ మిల్లులకు అందడం ఆగిపోయింది. మిల్లులవాళ్ళు ఇండియా పత్తి మీద పడ్డారు. ధర ఆకాశానికి పోయింది. 1865లో యుద్ధం ముగియగానే ధర కూలింది. కృష్ణకు దక్షిణాన ఉన్న ఈ నల్లరేగడి భూములు పత్తి భూములు. ఇక్కడి ఎర్రజీర పత్తికి ఎగుమతి వ్యాపారంలో ‘కోకనాడ’ అన్న పేరుండేది. లాభం వచ్చినా నష్టం వచ్చినా రైతుకూ, షావుకారుకూ లెక్క ఉంది. అదే చేలో పనిచేసే మాదిగకు ఏ లెక్కలోనూ చోటు లేదు. రైతుకు కపిల బొక్కెనకు తోలు, చెప్పులు, పగ్గాలు ఇవ్వడం, చచ్చిన గొడ్డును మోసుకుపోవడం, జాతరకూ చావుకూ డప్పు కొట్టడం అతని వంతు. దానికి ప్రతిఫలం కల్లంలో రైతు విదిల్చిన గింజలు.

పత్తి ధర కూలిన మరుసటి ఏడు, 1866లో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. గుంటూరులో లూథరన్ మిషను అంతకు ముందే, 1842లో, హేయర్ రాకతో మొదలైంది.

అయితే ఈ కథను దొరల రాకతో మొదలుపెట్టడమే మనం చేసే మొదటి తప్పు. ఒంగోలు మాదిగలలో కదలికకు ఆద్యుడు యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. తోళ్ళ బేరం మీద ఊళ్ళు తిరిగినవాడు. క్లౌ ఒంగోలు చేరడానికి ముందే, 1866లో, జ్యూయెట్ చేత బాప్తిస్మం పొందాడు. అంతకు ముందు రాజయోగ మార్గంలో ఉపదేశం పొంది, తన చుట్టూ శిష్యులున్నవాడు. ఈ సంగతులు క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చు వేసిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ గ్రంథంలో ఉన్నాయి. చెప్పులు కుట్టే జనం చెప్పిన కథలను ఆమె అందులో రాసింది. పోతులూరి వీరబ్రహ్మం కథ కూడా అందులో ఉంది. వీరబ్రహ్మం శిష్యులలో దూదేకుల సిద్ధయ్య, మాదిగ కక్కయ్య ఉన్నారని జనశ్రుతి.

దీన్ని బట్టి తేలేదేమిటి? మాదిగపల్లె ఖాళీ పలకలా మిషనరీ ముందుకు వెళ్ళలేదు. కులాన్ని ప్రశ్నించిన గురువుల తత్వాలు పాడుకుంటూ వెళ్ళింది. రాత్రిపూట గురువు చుట్టూ చేరి పాడే అలవాటు, ఒకరు అందిస్తే అందరూ అందుకునే పద్ధతి చర్చి కంటే పాతవి.

డప్పు దించడం

చేరదలచినవాళ్ళకు క్లౌ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలను కొలవకూడదు. చూడడానికి ఇవి మత నియమాలు. పల్లెలో పెట్టి చూస్తే మూడూ శ్రమ సంబంధాలకు తగిలేవే. ఆదివారం పని మానడమంటే రైతు పిలిచినప్పుడు పోకపోవడం. చచ్చిన గొడ్డు మాంసం మానడమంటే పాత ఇచ్చిపుచ్చుకోళ్ళ కట్టు తెంచుకోవడం. విగ్రహాలను కొలవకపోవడమంటే అమ్మవారి జాతరలో డప్పు కొట్టనని చెప్పడం. ఈ మూడో దాని మీదే పెద్ద గొడవలు జరిగాయి. డప్పు కొట్టనన్నవాళ్ళ మీద ఊరి పెద్దలు కత్తిగట్టారు.

ఇక్కడే రెండు చరిత్రలూ ఎదురెదురుగా నిలుస్తాయి. అమెరికాలో యజమాని డోలును నిషేధించాడు. ఇక్కడ యజమాని డప్పును విధించాడు. అక్కడ డోలు మోగించడం తిరుగుబాటు, ఇక్కడ డప్పు దించడం తిరుగుబాటు. పోలికలు వెతికేవాళ్ళు కులమూ బానిసత్వమూ ఒకటేనని తొందరపడి తేల్చేస్తారు. ఒకటి కావు. చర్మవాద్యం ఒకటే అయినా, దాని మీద అధికారం ఎవరిది అన్నదాన్ని బట్టి దాని అర్థం తలకిందులైంది.

కనుక పల్లె కీర్తనను కాగితం మీద పదాలుగా మాత్రమే చదివితే దొరికేది కొంచెమే. యేసు నామం, పాపం, రక్షణ తప్ప అందులో ఏమీ లేదనిపిస్తుంది. పాడుతున్న మనిషి చేతుల వైపు చూడాలి. నిన్నటిదాకా ఊరి కోసం వెట్టిగా డప్పు మోసిన చేతులవి. ఆదివారం పొద్దున అవి ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీతనమే పాటలోని అసలు వస్తువు.

మార్క్స్ 1844లో మతాన్ని మత్తుమందుతో పోల్చిన సంగతి మనకందరికీ కంఠతా వచ్చు. దానికి కాస్త ముందే, మతంలో పీడితుల వేదనా, ఆ వేదనకు నిరసనా రెండూ ఉన్నాయని ఆయన చెప్పింది మనం దాటవేస్తాం. ఒంగోలు మాదిగల చరిత్ర ఆ దాటవేసిన మాటకు ఉదాహరణ.

1876–78 నాటి ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో ఒక భాగం తవ్వించే కంట్రాక్టు తీసుకున్నాడు. వేలాది మాదిగలు ఆ తవ్వకంలో బతికారు. కూడు కోసం మతం మారారన్న నింద రాకూడదని, కరువు సహాయం నడుస్తున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదని ఆయన రాసుకున్నాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్క రోజున బాప్తిస్మం పొందారు. ఇచ్చింది దొర కాదు; ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ ఇచ్చారు. కరువు తిండి కోసమే ఇదంతా అన్నవాళ్ళు ఉన్నారు. తిండికి మతం మారడం తప్పయితే, తిండికి డప్పు కొట్టించుకోవడం ఏమవుతుందో వాళ్ళే చెప్పాలి.

మనకు లేనిది ఏమిటి

ఇంతదాకా పల్లె తరఫున వాదించాను. పోలిక తెగిపోయే చోటు కూడా చెప్పకపోతే అది విమర్శ కాదు, భజన అవుతుంది.

నల్లవారి పాటలకు కర్తలు లేరు. బానిస సమూహమే కర్త. మన ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో పాటలకు కర్తలున్నారు. వారిలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన బెంగాలీ బ్రాహ్మణ వంశీకుడు, 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. కీర్తన తలమీద రాగం, తాళం పేర్లుంటాయి. పల్లవి, చరణాలుంటాయి. భాషలో సంస్కృతం పాలు ఎక్కువ. అంటే త్యాగరాజ కృతిని అచ్చువేసే పద్ధతిలోనే వీటినీ అచ్చు వేశారు.

దీనికి రెండు ముఖాలున్నాయి. గుడి మెట్లెక్కనివ్వని, బడిలో కూర్చోనివ్వని మనిషి రాగతాళాలు రాసి ఉన్న పుస్తకం చేతపట్టి సంస్కృత సమాసాలు గొంతెత్తి పాడడం చిన్న సంగతి కాదు. ఇది దక్కనివ్వని సొత్తును దక్కించుకోవడం. కాని ఆ సమాసాల మధ్య చేను లేదు, తోలు లేదు, కల్లం లేదు. తత్వాలు పాడుకుంటూ చర్చికి వచ్చిన గొంతు అచ్చులో తన పాట కాక మరొకరి పాటను చూసుకుంది. నల్లవారికి 1867లో అచ్చయినది వాళ్ళ సొంత గొంతు. మన పుస్తకంలో అచ్చయినది పెద్దల గొంతు.

మరి సొంత పాట లేదా? ఉంది. దానికి నేనే సాక్షిని. చాలా ఏళ్ళ కిందట గుంటూరు వైపు ఒక మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు ఒక కీర్తన బాణీలో పాడడం విన్నాను. బాణీ చర్చిదే. మాటల్లో మేస్త్రి ఉన్నాడు, కూలి రేటు ఉంది, కళ్ళల్లో పడిన కారం ఉంది. నన్ను చూసి ఆపేశారు. మళ్ళీ పాడమంటే నవ్వి, పుస్తకంలోని పాట పాడారు. ఫిస్క్ విద్యార్థుల సంకోచం లాంటిదే ఇదీ. వాళ్ళ చేత ఆ సంకోచం వదిలించడానికి ఒక విద్యాలయం, ఒక పర్యటన, ఒక అవసరం ఉన్నాయి. ఇక్కడ నేను ఒక్కణ్ణి ఉన్నాను. నా దగ్గర కాగితమూ కలమూ ఉన్నా రాసుకోలేదు. అది సాహిత్యమని అప్పుడు నాకు తోచలేదు.

మన బాధ్యత

1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. ఆ ఏడే ప్రజానాట్యమండలి మొదలైంది. ఈ గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ బుర్రకథను చేపట్టి, ‘పల్నాటి యుద్ధం’ నుంచి బెంగాల్ కరువు దాకా అందులో పలికించాడు. శైవ భక్తి నీడలో పెరిగిన జంగం కథను ఒక ముస్లిం కళాకారుడు ప్రజల కళగా మార్చాడు. మనం గర్వించాం, గర్వించదగిందే. హరికథను కూడా వాడుకున్నాం. భక్తి రూపాలను తీసుకుని కొత్త వస్తువు నింపడం మనకు చేతకాని పని కాదన్నమాట. మరి కీర్తన జోలికి ఎందుకు పోలేదు? దాని మీద మిషను ముద్ర ఉందన్నది మనం చెప్పుకున్న కారణం. అది ఊరి బయట పల్లెలో ఉండడం మనం చెప్పుకోని కారణమని నా అనుమానం.

ఆ పల్లెల నుంచే వచ్చిన మహాకవి గుర్రం జాషువా కూడా కీర్తన దారి పట్టలేదు. 1895లో వినుకొండలో పుట్టిన ఆయన 1941లో ‘గబ్బిలం’ పద్యాలలో రాశాడు. క్రీస్తు కథను సైతం పద్యకావ్యంగానే రాశాడు. ఆ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పద్యం పండితుల కోట. కోటలోకి వెళ్ళి వాళ్ళ ఆయుధంతోనే వాళ్ళను గెలవాలని ఆయన తలచాడు, గెలిచాడు. ఆ కాలానికి అది సరైన ఎత్తుగడే. కాని దాని మూలాన కీర్తన మళ్ళీ బయటే ఉండిపోయింది.

పాడేవాళ్ళు పైకి చెప్పుకోలేకపోవడానికి మరో కారణం చట్టంలో ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులను మాత్రమే షెడ్యూల్డు కులాలుగా గుర్తించింది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ ఆ గుర్తింపు వచ్చింది. క్రైస్తవులకు రాలేదు. మతం మారిన దళితుణ్ణి మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గంలో, ఒక్క శాతం వాటాలో చేర్చారు. ఊళ్ళో అంటరానితనం మాత్రం ఏ శాతమూ తగ్గలేదు. నా పాట ఇది అని బహిరంగంగా చెప్పుకుంటే పిల్లవాడి సర్టిఫికెట్టు ప్రమాదంలో పడే దేశంలో, ఆ పాటకు కర్తలు ముందుకు రావడం లేదని ఫిర్యాదు చేసే హక్కు మనకు లేదు.

1985 జూలై 17న కారంచేడులో మంచినీటి చెరువు దగ్గర మొదలైన తగాదా మాదిగపల్లె మీద దాడిగా మారింది. ఆరుగురు మాదిగలను చంపారు. బతికినవాళ్ళు చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కణ్ణుంచి లేచిన ఉద్యమంలో దళిత మహాసభ పుట్టింది. గద్దర్ కారంచేడు మీద పాట కట్టాడు. ఆ తరువాతి దశాబ్దాలలో దళిత సభలు డప్పు మోతతో మొదలుకావడం పరిపాటి అయింది. తాతలు తిరుగుబాటుగా దించిన డప్పును మనవలు తిరుగుబాటుగానే ఎత్తుకున్నారు. వీటిలో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అనుకోనక్కరలేదు. దించినప్పుడు అది వెట్టి, ఎత్తినప్పుడు అది తమది. ఆ రెంటి మధ్య నూరేళ్ళ పాటు పల్లెను కూడగట్టిన పాట కీర్తన. ఆ నూరేళ్ళను వదిలేసి డప్పును మాత్రమే సాహిత్య చరిత్రలోకి తీసుకుంటే, చరిత్రకు కాళ్ళూ తలా ఉంటాయి, నడుము ఉండదు.

చెయ్యవలసిన పని పెద్దది కాదు. మన సంఘం జిల్లా శాఖలు, తెలుగు శాఖల్లో పరిశోధన చేసే విద్యార్థులు రికార్డింగు యంత్రాలతో ఈ పల్లెలకు పోవాలి. అచ్చు పుస్తకంలోని కీర్తన పల్లె గొంతులో ఎలా మారిందో, ఏ చరణం వదిలేశారో, ఏ మాట మార్చుకున్నారో రాసుకోవాలి. పత్తి తీతల్లో, మిరప కోతల్లో ఆ బాణీల మీద కట్టిన పాటలను కట్టినవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేర్లతో, ఒప్పుకోకపోతే ఊరి పేరు కూడా లేకుండా భద్రపరచాలి. పాటలు తెలిసిన ముసలమ్మలు ఏటా కొందరు వెళ్ళిపోతున్నారు. నేను కల్లంలో విన్న పాట ఇవాళ నాకు గుర్తు లేదు. బాణీ ఒక్కటే మిగిలింది. పియానో మీద మాట లేకుండా వాయించినా హాస్ పాటలకు మాటలు తెచ్చుకోగలిగిన జనం ఉన్నారు. నాకు మిగిలిన ఈ బాణీకి మాటలు ఎవరి దగ్గర ఉన్నాయో వెతుక్కుంటూ పోవాలి.